గిటార్ చేయాలంటే... గది చాలు!

పాల్వంచ దగ్గర ఆనకట్టలో కాసేపు ఆగి, ఆపై అడవుల గుండా సాగి గోదావరిలో కలిసే ఏటి పేరు కిన్నెరసాని. పేరులోనే తీగల వాద్యం! ఖమ్మం, భద్రాచలం అడవి అంచున చెట్టును వాద్యంగా మార్చడం కొత్త సంగతేమీ కాదు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి భుజాన వేసుకుని సమ్మక్క సారలమ్మల కథ పాడితే ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేవి. 2022లో పద్మశ్రీ అందుకున్న ఆ పెద్దాయన 2024లో కన్నుమూశారు. 2022లోనే పద్మశ్రీ ప్రకటించిన మరో తెలంగాణ కళాకారుడు దర్శనం మొగిలయ్య. ఆయన చేతిలోనిది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, కాస్త మైనం... దాని పెట్టుబడి అంతే!

ఇప్పటి పిల్లల చేతుల్లో ఉన్నది గిటార్. కాలేజీ వార్షికోత్సవమైనా, చర్చిలో పాటైనా, స్నేహితుల పుట్టినరోజైనా అదే. వాయించేవాళ్లు ఊరికి పదిమంది ఉంటే అందులో ఒకరిద్దరికి ఇంకో కోరిక పుడుతుంది. 'దీన్ని మనమే చేస్తే?' అని. వెంటనే రెండు భయాలు. ఒకటి: లక్షలు పోసి యంత్రాలు కొనాలేమో! రెండోది: ఎక్కడో దొరికే అరుదైన కలప కావాలేమో! మొదటి భయం చాలామందిని అక్కడే ఆపేస్తుంది. రెండోది అంతకన్నా ప్రమాదం. అడవి అంచున ఉన్నవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది.

నిజానికి గిటార్‌కి కావాల్సినవి మూడే మూడు. ఎండిన కలప, పదునైన ఉలి, తప్పని కొలత. ఈ మూడూ కుదిరితే పదడుగుల గది చాలు. ఇవి లేకపోతే ఎంత పెద్ద కార్ఖానా ఉన్నా దండగే.

అట్టతో చేసిన గిటార్!

గిటార్ అనగానే నిపుణుల నోట వచ్చే మొదటి మాట 'రోజ్‌వుడ్'. అదెక్కడో అమెరికాలోనో, బ్రెజిల్‌లోనో దొరికే చెట్టు అనుకుంటారు. ప్రపంచవ్యాప్తంగా గిటార్ల వెనక పలకకీ, పక్కలకీ వాడే 'ఈస్ట్ ఇండియన్ రోజ్‌వుడ్' అంటే మరేదో కాదు, మన జిట్రేగి! ఫింగర్‌బోర్డుకు వాడే నల్లని ఎబొనీ కూడా మనకు పరాయిదేం కాదు. బీడీ ఆకు కోసే తునికి చెట్టుదీ ఆ కుటుంబమే.

'ఇంకేం, అడవి పక్కనే ఉందిగా' అనుకుంటే మాత్రం బుక్కయినట్టే. అడవిలో పడిపోయిన చెట్టయినా సరే, అనుమతి లేకుండా దుంగను కదిపితే నేరం. సొంత పొలంలో చెట్టు కొట్టాలన్నా వాల్టా చట్టం (2002) కింద అనుమతి అడగాల్సిందే. సుబాబుల్, జామాయిల్, సరుగుడు లాంటి తోట చెట్లకే సడలింపులు. కలపను ఒక చోట నుంచి ఇంకో చోటికి తరలించడానికి రవాణా పర్మిట్ వేరే. ఇక అంతర్జాతీయ నిబంధనలు... 2017 జనవరి 2 నుంచి జిట్రేగి కుటుంబం మొత్తాన్నీ వన్యజాతుల వ్యాపార ఒప్పందం 'సైటిస్' రెండో అనుబంధంలో చేర్చింది. సంగీతకారులూ తయారీదారులూ గగ్గోలు పెట్టాక 2019 నవంబరు నుంచి, పూర్తిగా తయారైన వాద్యాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. దుంగలకీ పలకలకీ ఆ వెసులుబాటు లేదు. అంటే, ఎవరో రాత్రిపూట సైకిల్ మీద తెచ్చిచ్చే జిట్రేగి ముక్క ఎంత చవగ్గా వచ్చినా, దాంతో చేసిన గిటార్‌ని ధైర్యంగా అమ్ముకునే వీలుండదు. కేసు పడితే చదువుకునే కుర్రాడి భవిష్యత్తుకే ఎసరు.

ఇంతకీ అది లేకపోతే గిటార్ పలకదా? ఈ ప్రశ్నకు నూట అరవై ఏళ్ల కిందటే జవాబొచ్చింది. ఇప్పుడు చూసే క్లాసికల్ గిటార్‌కి రూపమిచ్చిన స్పెయిన్ వడ్రంగి ఆంటోనియో డి టోరెస్. గిటార్ గొంతు దాని పైపలకలోనే ఉంటుందని ఆయన నమ్మకం. అది నిరూపించడానికి 1862లో ఓ గిటార్ చేశాడు. పైపలక మంచి కలప. వెనకభాగం, పక్కలు మాత్రం... అట్ట! అవును, కాగితపు అట్టే. ఆ గిటార్‌ని ఇప్పటికీ బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో భద్రపరిచారు. 1995లో అమెరికాకు చెందిన టేలర్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. సరుకులు పేర్చే చెక్క ప్యాలెట్‌ను విప్పి, ఆ పనికిరాని చెక్కతోనే గిటార్ చేసి ప్రదర్శనలో పెట్టింది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. కలప పేరుకన్నా చేసే చెయ్యి గొప్పదని చెప్పడానికే ఆ రెండు ప్రయత్నాలూ.

మరి మనవాళ్లు దేంతో చేయొచ్చు? తెలుగునేల మీద తీగల వాద్యాలకు పెద్ద బడి బొబ్బిలి. అక్కడికి దగ్గర్లోని గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరున్న కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. వాళ్లు వాడేది పనస. ఖమ్మం సరిహద్దు దాటితే నూజివీడులోనూ వీణలు చేసే ఇళ్లున్నాయి. పనస తేలిక, ఎండితే నిలకడ, పలుకు తియ్యన. గిటార్ వెనకభాగానికీ పక్కలకీ అది చక్కగా సరిపోతుంది. మెడకు తోట టేకు, మహాగని. ఇక గుమ్ముడుటేకు కూడా వాద్యాలకు వాడే కలపే. పైపలకకు మాత్రం తేలిగ్గా, బిగువుగా ఉండే చెక్క కావాలి. మన వేడినేలల్లో పెరగని స్ప్రూస్, సీడర్‌ల జత పలకలను కోసి, ఎండబెట్టి అమ్ముతారు. అదొక్కటీ బయటి నుంచి తెప్పించుకుంటే మిగతాదంతా స్థానికంగా దొరుకుతుంది. అటవీశాఖ కలప డిపో నుంచో, లైసెన్సున్న కోతమిల్లు నుంచో కొని రసీదు దాచుకోవాలి. ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చే పాత దూలాలూ, ద్వారబంధాలూ అయితే మరీ మంచిది. యాభై ఏళ్లుగా ఎండి ఉంటాయి మరి!

కాటా చెప్పే రహస్యం

'ఎండి ఉండటం' అన్న మాటను తేలిగ్గా తీసుకుంటే ఆర్నెల్లలో గిటార్ పగిలిపోతుంది. కలపలో నీరు ఉన్నంతకాలం అది ఊపిరి తీసినట్టు ఉబ్బుతుంది, తగ్గుతుంది. నిలువుగా కాదు, అడ్డంగా. మంచానికీ తలుపుకీ అది పెద్ద లెక్కలోది కాదు. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందం ఉండే గిటార్ పైపలకకు మాత్రం ప్రాణాంతకమే.

గాలికి ఎండబెట్టే కలపకు వడ్రంగులు చెప్పే పాత లెక్క... అంగుళం మందానికి ఏడాది. అయితే లెక్క కన్నా కాటా నమ్మకమైనది. వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా చాలు. ముక్కను తూచి, దాని మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాయాలి. వారానికోసారి తూచాలి. బరువు తగ్గుతూ ఉందంటే లోపల ఇంకా నీరున్నట్టే. నెల రోజుల పాటు ముల్లు కదలకుండా నిలబడితే అప్పుడు ఎండినట్టు. ఎండకు నేరుగా పెట్టకూడదు, పగుళ్లిస్తుంది. నీడలో, గాలాడేలా, పలకకూ పలకకూ మధ్య సన్నని పుల్లలు పెట్టి పేర్చాలి. కొనలకు మైనం గానీ, పాత పెయింటు గానీ పూస్తే కొనలు ముందే ఎండి చీలిపోకుండా ఉంటాయి.

రెండో శత్రువు మన వాతావరణం. వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. గాలి ఎండిపోయి ఉంటుంది. జులై, ఆగస్టు వచ్చేసరికి గోదావరి గట్టున బట్టలు రెండ్రోజులైనా ఆరవు. గిటార్‌కి నచ్చే తేమ 45 నుంచి 50 శాతం. అందుకే ఈ గదిలోకి అన్నిటికన్నా ముందు రావాల్సిన పరికరం రంపమూ కాదు, ఉలీ కాదు... గాలిలో తేమ చూపించే హైగ్రోమీటర్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. పైపలక లోపల ఊతపట్టీలు అతికించే పనిని ముసురు పట్టిన రోజుల్లో ముట్టుకోకూడదు. అప్పుడు ఉబ్బి ఉన్న పలకను అతికిస్తే వేసవిలో అది ముడుచుకోవాలని చూస్తుంది. పట్టీలు కదలనివ్వవు. ఇక చీలడం ఒక్కటే దారి! మీటరు 50 లోపు చూపించే రోజు కోసం ఆగాల్సిందే. ఆగలేనివాళ్లు మూతపడే చెక్కపెట్టెలో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలిగించి, పలకను రెండ్రోజులు అందులో ఉంచి తీసి అతికించొచ్చు.

మొదటి విడత: వడ్రంగి సంచి

పనిముట్లు ఒకేసారి కొనకూడదు. మూడు విడతలుగా కొంటే జేబుకీ భారం కాదు, ఏది అవసరమో చెయ్యే చెబుతుంది.

మొదటి విడతలో కావాల్సినవన్నీ ఏ ఊరి వడ్రంగి సంచిలోనైనా ఉండేవే. ఒక చిన్న చిత్రిక, ఒక పొడవు చిత్రిక. పావు, అర, ముప్పావు అంగుళాల ఉలులు మూడు. సన్నని పళ్లున్న రంపం ఒకటి, వంపులు కోయడానికి సన్న బ్లేడు రంపం ఇంకొకటి. కొయ్యసుత్తి. సగం గుండ్రంగా ఉండే ఆకురాయి. మూలమట్టం. అర మిల్లీమీటరు గీతలున్న రెండడుగుల స్టీలు స్కేలు. ఒక వెర్నియర్ క్యాలిపర్. చేత్తో పట్టుకునే డ్రిల్లు. బల్లకు బిగించే వైస్. అన్నీ కొత్తవే కానక్కర్లేదు. పాత ఇనప సామాన్ల కొట్లలో దొరికే పాతకాలపు ఉలుల ఉక్కు చాలాసార్లు మెరిసే కొత్తవాటికన్నా మేలు.

ఉలి కొనడం పని మొదలు మాత్రమే. కొట్టు నుంచి తెచ్చిన ఉలి పని చేయదు. దానికి పదును పెట్టడం వస్తేనే పని మొదలైనట్టు. సానరాళ్ల సెట్టు కొనలేకపోతే మందపాటి గాజు పలక మీద నీళ్లు చల్లి, 400 నంబరు నుంచి 2000 దాకా వరసగా నీటి ఎమరీ కాగితాలు పరిచి రుద్దొచ్చు. ఉలి వాలు 25 డిగ్రీలు. ముందు వెనకభాగం అద్దంలా చదునుగా కావాలి. చాలామంది వాలుభాగాన్నే రుద్ది, వెనకభాగాన్ని వదిలేస్తారు. అక్కడే దెబ్బతింటారు. పదును కుదిరిందో లేదో తెలియాలంటే ఈ ఆదివారం పేపరునే ఒక చేత్తో గాల్లో పట్టుకుని ఉలితో కోసి చూడొచ్చు. చిరక్కుండా, చప్పుడు లేకుండా తెగితే సరే. (చదివేశాకే సుమా!) ఒక్క సంగతి: మొద్దుబారిన ఉలే చేతిని తెగ్గోస్తుంది. పదునైనది చెప్పిన చోటే ఆగుతుంది. మొద్దుదానికి బలం పెట్టాలి, బలం పెట్టిన చోట జారుతుంది.

ఇక బల్ల. అది కదిలిందంటే ఏ పనీ నిలబడదు. నిలబడి చేతులు కిందికి వదిలితే అరచెయ్యి ఆనేంత ఎత్తు చిత్రిక పనికి బాగుంటుంది. చదునుగా ఉన్న పాత తలుపు చెక్క, నాలుగు బలమైన కాళ్లు... అంతే. డ్రిల్లు తప్ప ఈ విడత పనిముట్లన్నీ కరెంటు ఉన్నా పోయినా పనిచేస్తాయి. అడవి అంచు ఊళ్లకు అదో సుఖం!

రెండో విడత: చేసుకోవాల్సినవి

ఇక్కడే ఖర్చు తగ్గుతుంది. గిటార్ పనికి మాత్రమే కావాల్సిన చాలా పరికరాలు కొనేవి కావు, చేసుకునేవి.

మొదటిది అచ్చు. గిటార్ నడుము వంపు కుదరాలంటే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కల్ని ఆ ఆకారంలో కోసి, పొరలుగా అతికించి గుల్ల చేయాలి. వంచిన పక్కపలకలు అందులో కూర్చుంటాయి. ఒకసారి చేసుకుంటే యాభై గిటార్లకు పనికొస్తుంది.

రెండోది పలకల్ని వంచే వేడిగొట్టం. రెండు మిల్లీమీటర్ల మందానికి చిత్రిక పట్టిన పలకను తడిపి, కాలిన ఇనపగొట్టం మీద మెల్లగా నొక్కితే కలప మెత్తబడి వంగుతుంది. రెండున్నర అంగుళాల ఇనపగొట్టాన్ని వైస్‌లో అడ్డంగా బిగించి, లోపలికి హీట్‌గన్ వేడిగాలి పంపిస్తే చాలు. గొట్టం మీద నీటిచుక్క పడితే చిందులు తొక్కాలి, అదీ సరైన వేడి. తొందరపడి గట్టిగా నొక్కితే టక్కున విరుగుతుంది. నిప్పు సెగకు వెదురును వంచే మేదరుల పనిని ఒక్క గంట పక్కన కూర్చుని చూసినవాడికి ఈ కిటుకు పుస్తకం కన్నా బాగా అర్థమవుతుంది. పుల్ల ఎప్పుడు లొంగుతుందో అరచేతికే తెలుస్తుంది వాళ్లకు.

మూడోది మరీ చిత్రం. పైపలక లోపలి ఊతపట్టీలు అతికించడానికి పొడవైన దవడలున్న బిగింపు క్లాంపులు డజన్లు కొనాలి. వాటికి బదులు విదేశీ నిపుణులు సైతం వాడేది... వెదురు బద్దలు! బల్లకు రెండడుగుల ఎత్తున ఒక గట్టి చెక్కను కప్పులా బిగిస్తారు. ఆ ఎత్తుకన్నా కాస్త పొడవున్న వెదురు బద్దను విల్లులా వంచి, ఒక కొన పైచెక్కకూ ఇంకో కొన పట్టీకీ ఆనిస్తారు. బద్ద నిటారు కావాలని చూస్తూ పట్టీని నొక్కి పట్టుకుంటుంది. ఇరవై బద్దలుంటే ఇరవై క్లాంపులున్నట్టే. 2017లో చట్టం మార్చాక అడవి బయట పెంచిన వెదురు 'చెట్టు' లెక్కలోంచి బయటపడింది. ఇప్పుడు రైతు పెంచుకున్నదాన్ని నిక్షేపంగా కొనుక్కోవచ్చు. అడవి లోపలి వెదురుకు మాత్రం పాత నియమాలే.

నాలుగోది తోడు సామాను. పెట్టె చుట్టూ బిగించడానికి పాత సైకిల్ ట్యూబును పొడవాటి పేలికలుగా కోసి చుడితే అన్ని వైపులా సమానంగా నొక్కుతుంది. పక్కపలకల లోపలి అంచుకు సన్నని అంచుపట్టీ అతికించేటప్పుడు బట్టలారేసే క్లిప్పులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఇంట్లో అమ్మకు చెప్పి తీసుకుంటే మంచిది, లేదంటే తడిబట్టలతో గొడవే!

అయిదోది మందం చూసే పరికరం. వెర్నియర్ పలక అంచునే కొలుస్తుంది. మధ్యలో ఎంత మందముందో? పొడవైన చెక్కచట్రానికి ఒక డయల్ గేజ్ బిగిస్తే పలక నడిమధ్య దాకా చేరుతుంది. పైపలక ఎక్కడ పలచబడిందో, ఎక్కడ మిగిలిందో ముల్లు చూపిస్తుంది. గోడ మందం సమానంగా ఉందో లేదో చేత్తో తడిమి చెప్పే కుమ్మరి అనుభవం రావడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఈ ముల్లే గురువు.

మూడో విడత: మెట్ల లెక్క

బయటి నుంచి కొనక తప్పనివి ఇవి: మెట్ల గాడి కోసే సన్న రంపం, మెట్ల తీగ, తీగలు బిగించే బిరడాలు, మెడ లోపల పెట్టే ఉక్కు ఊచ, మెట్ల తలలు గుండ్రంగా దిద్దే ఆకురాయి. పెద్ద నగరాల్లో వాద్యాల బజార్లున్నాయి, కోల్‌కతా లాల్‌బజార్ అందులో పేరున్నది. ఇప్పుడు కొరియర్‌లోనూ వస్తాయి.

వీటిలో రంపం ఒక్కటే నాజూకు. దాని గాడి వెడల్పు సుమారు 0.58 మిల్లీమీటర్లు. మామూలు రంపం ఇంతకన్నా వెడల్పుగా కోస్తుంది, మెట్టు ఊడిపోతుంది. వీణ చేసేవాళ్లకు ఈ బాధ లేదు. వాళ్లు 24 మెట్లనూ మైనం మీద కూర్చోబెట్టి, చెవితో విని, శ్రుతి కుదిరేదాకా జరుపుతారు. గిటార్ మెట్టు అలా కాదు. ఒకసారి గాడి కోశాక అది రాతిమీద గీత. చెవి కన్నా ముందు లెక్క కుదరాలి.

ఆ లెక్క పెద్ద కష్టమేం కాదు. తీగ మోగే పొడవును 17.817తో భాగించాలి. వచ్చినంత దూరంలో మొదటి మెట్టు. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండోది. మామూలు గిటార్ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు 36.37 దగ్గర. మిగిలింది 611.63. దాన్ని భాగిస్తే 34.33. అంటే రెండో మెట్టు మొదటి నుంచి అంత దూరం. ఇలా పోతూ ఉంటే పన్నెండో మెట్టు కచ్చితంగా సగంలో, 324 దగ్గర తేలుతుంది. తేలలేదంటే ఎక్కడో తప్పినట్టే. పరీక్ష పేపరులో జవాబు ముందే చెప్పినట్టుంటుంది ఈ లెక్క. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో కాలిక్యులేటర్ పట్టుకుని సరదాగా వేసి చూడొచ్చు.

ఒక్క హెచ్చరిక. ప్రతి మెట్టునూ దాని ముందు మెట్టు నుంచి కొలవకూడదు. కొలిచిన ప్రతిసారీ అర మిల్లీమీటరు ఒకే వైపుకు తప్పినా పన్నెండో మెట్టుకు వచ్చేసరికి 6 మిల్లీమీటర్లు! ఒక స్వరస్థానానికీ పక్కదానికీ మధ్య ఉండే ఎడంలో దాదాపు మూడోవంతు అపస్వరం. పక్కింటివాళ్లకు కూడా తెలిసిపోతుంది. అన్ని మెట్ల దూరాలనూ కూడి పట్టికలా రాసుకుని, మొదటి అంచు నుంచే, స్కేలు కదల్చకుండా ఒకేసారి గుర్తులు పెడితే ఆ తప్పు పేరుకుపోదు. కంప్యూటర్‌లో గీసి ప్రింటు తీసిన కాగితాన్ని సైతం స్టీలు స్కేలుతో సరిచూడాలి. ప్రింటరు ఒక్కోసారి కొంచెం కుదిస్తుంది.

గది అడిగే జాగ్రత్తలు

స్టీలు తీగలు బిగించిన గిటార్ మీద మొత్తం 70 కిలోల పైచిలుకు లాగుడు ఉంటుంది. ఒక పెద్దమనిషి రాత్రింబవళ్లు వేలాడుతున్నట్టే! అందుకే బంక విషయంలో రాజీ పనికిరాదు. ఫర్నిచర్‌కు వాడే మామూలు తెల్లబంక వేడికి మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు బిగించిన కారులో గిటార్ వదిలేస్తే గుర్రం (బ్రిడ్జి) పైకి లేచి కూర్చుంటుంది. వాద్యాల పనికి పసుపురంగు చెక్కబంక గానీ, పాతతరం వడ్రంగులు ఉడికించి వాడిన తోలుబంక గానీ మేలు. తోలుబంకకు మరో గుణం... వేడి, తడి తగిలిస్తే విడిపోతుంది, రిపేరు సులువు.

రెండోది దుమ్ము. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. జిట్రేగి లాంటి కలప పొడి పడకపోతే దద్దుర్లు, తుమ్ములు అదనం. ముక్కుకు కర్చీఫ్ కాదు, ఎన్95 మాస్కు కట్టాలి. చంటిపిల్లలూ ఆయాసం ఉన్న పెద్దలూ ఉన్న ఇంట్లో వరండానో, పెరటి షెడ్డో ఎంచుకోవాలి. పని అయ్యాక చీపురుతో ఊడిస్తే పొడి ఇల్లంతా తేలుతుంది, తడిగుడ్డతో తుడవాలి. హీట్‌గన్, డ్రిల్లు వాడే ప్లగ్గుకు ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి.

మూడోది ఆశ. బల్లరంపం, బ్యాండ్‌సా, ఇసకపట్టు యంత్రం... వీడియోల్లో చూస్తే అన్నీ కావాలనిపిస్తుంది. ఏడాదికి రెండు గిటార్లు చేసేవాళ్లకు అవి గది ఆక్రమించే దిష్టిబొమ్మలు. దుంగను పలకలుగా చీల్చడానికి కోతమిల్లు ఉంది. గంట పనికి కొన్ని వందలు ఇస్తే పోయేదానికి లక్ష పెట్టి యంత్రం ఎందుకు?

ముందు పగిలినదాన్ని పలికించాలి

ఇంతకీ మొదటి రోజు ఏం చేయాలి? గిటార్ మాత్రం కాదు. ఊళ్లో ఎవరింట్లోనో అటక మీద పడున్న, గుర్రం ఊడిపోయిన పాత గిటార్ తీసుకుని విప్పి చూడాలి. లోపలి పట్టీలు ఎలా ఉన్నాయో, ఎక్కడ బంక వదిలిందో చూస్తే సగం చదువు అయినట్టే. దాన్ని బాగుచేయడం మొదటి పాఠం. నాలుగు నైలాన్ తీగల యుకులేలే చేయడం రెండోది. చిన్నది, లాగుడు తక్కువ, కలప తక్కువ, తప్పు జరిగినా నష్టం తక్కువ. అచ్చు, వంపు, మెట్లు, బంక... గిటార్‌లో వచ్చే ప్రతి పనీ అందులో వస్తుంది. మూడోసారి గిటార్.

దీన్లో బతుకుదెరువూ లేకపోలేదు. గిటార్లు అమ్మే కొట్లు పెరిగాయి గానీ బాగుచేసేవాళ్లు ఆ లెక్కన పెరగలేదు. అరిగిన మెట్లు మార్చడం, లేచిన గుర్రం అతికించడం, ఎండకు చీలిన పలకకు లోపలి నుంచి ఊతం వేయడం... ఈ మూడు పనులు శుభ్రంగా వస్తే చర్చిలూ, సంగీతం నేర్పే బడులూ, కాలేజీ కుర్రాళ్లూ వెతుక్కుంటూ వస్తారు. వడ్రంగం తెలిసిన తండ్రికీ, గిటార్ తెలిసిన కొడుక్కీ ఒకే బల్ల దగ్గర పని దొరకడం అంటే మాటలా? తండ్రికి చిత్రిక పట్టడం తెలుసు, శ్రుతి తెలియదు. కొడుక్కి శ్రుతి తెలుసు, ఉలి పట్టడం రాదు. ఇద్దరూ కలిస్తేనే గిటార్.

పనిముట్లు ఎప్పుడైనా కొనొచ్చు. కలప ఎండటానికే కాలం కావాలి. కాబట్టి తొలి అడుగు చాలా చిన్నది. రసీదుతో ఒక పనస పలక కొనడం, కొనలకు మైనం పూయడం, వంటింటి కాటా మీద తూచి, పెన్సిల్‌తో ఇవాళ్టి తేదీ రాయడం. ఈలోగా ఉలికి పదును పెట్టడం నేర్చుకోవచ్చు. వచ్చే ఏడాది ఇదే రోజుల్లో బరువు కదలడం మానేసిన ఆ పలక చిత్రిక కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.